కొత్త ఇంటికి ఊతలు

పోయిన నెల ఖమ్మంలో ఒక ఫంక్షన్ హాలు యజమాని నన్ను పిలిపించి, పెళ్ళివారు లోపలికి అడుగు పెట్టగానే విదేశాల్లోని పాతకాలపు పెద్ద చర్చిలోకి వచ్చినట్టుండాలని, అందుకోసం పైన మొన తేలిన కమానులు వరసగా కావాలని అడిగారు. ఫోన్లో ఫోటోలు కూడా చూపించారు. దేనితో కట్టాలనుకుంటున్నారని అడిగితే ఫైబరుతో అన్నారు. వాటి మీద బరువేమీ ఉండదు గనుక పైనున్న స్లాబుకు తీగలతో వేలాడదీస్తే చాలట. పని చిన్నదే, ఒప్పుకున్నాను. కానీ స్కూటరు మీద ఇంటికి వస్తున్నంతసేపూ, కప్పును మోయాల్సిన కమాను ఆ కప్పుకే వేలాడబోతోందన్న ఊహకు నాలో నేనే నవ్వుకున్నాను. ఆ నవ్వు నన్ను తీసుకుపోయి సారపాక దాటాక అడవి మొదలయ్యే చోట దింపింది.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రెండు వేల సంవత్సరం దాటిన ఆ మొదటి రోజుల్లో సివిల్ డిప్లొమా పట్టుకుని తిరగడమంటే ఎంత చప్పటి వ్యవహారమో. తోటివాళ్ళంతా కంప్యూటర్ కోర్సులకని హైదరాబాదు బస్సెక్కుతుంటే, నేను బీముల లెక్కలు మరిచిపోకుండా పాత నోట్సు తిరగేస్తూ ఇంట్లో కూర్చున్నాను. మా పక్క వీధిలో ఉండే మేస్త్రీ చాచా, నాన్నకు చిన్ననాటి స్నేహితుడు, తాతల నాటి నుంచీ తాపీ పని చేసే ఇంటివాడు, ఒక రోజు పొద్దున్నే వచ్చి, భద్రాచలం దిక్కు ఒక చర్చి పని దొరికిందని, డ్రాయింగులు చదివే మనిషి కావాలని, నన్ను తనతో పంపమని నాన్నను అడిగాడు. పెద్ద జీతమేమీ కాదు గాని, నాకు అప్పుడు కావలసింది జీతం కన్నా పొద్దున లేచి వెళ్ళడానికి ఒక చోటు.

ఆ చోటు కాగితం మిల్లుకు వెదురూ జామాయిలూ మోసే లారీలు పోయే రోడ్డు పక్కన ఉండేది. లారీ వెళ్ళిపోయాక ఎర్రదుమ్ము చాలాసేపు గాల్లోనే నిలిచి, మెల్లగా మా ఇటుకల మీద వాలేది. చర్చికి వచ్చేది మిల్లులో కాంట్రాక్టు పని చేసుకునే కుటుంబాలు. వెనక అడవిలో ఉన్న పల్లెవాళ్ళకు వాళ్ళ దేవతలు వాళ్ళకున్నారు, చర్చితో వాళ్ళకు పని లేదు. అయినా ఆ చర్చి ఫాదరంటే మాత్రం వాళ్ళకు ప్రాణం. జ్వరం వస్తే మాత్ర ఇచ్చేదీ, ముదిరితే భద్రాచలం దవాఖానాకు ఆటోలో ఎక్కించుకుపోయేదీ ఆయనే. మా సైట్లో ఇసుక మోసి, ఇటుకల మధ్య వేసే సిమెంటు మాలు కలిపే ఆడవాళ్ళంతా ఆ పల్లెవాళ్ళే. వాళ్ళకు పెద్దగా ఉండే ఆమెను అందరూ అక్క అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. తమలో తాము తమ భాషలో మాట్లాడుకుని, మాతో తెలుగులో మాట్లాడేవారు. ఆ రెంటి మధ్యలో మమ్మల్ని చూసి నవ్వుకునేవారు.

ఫాదర్ గుంటూరు వైపు మనిషి. డెబ్బై దాటిన వయసు. అడవికి రాకముందు ఎన్నో ఏళ్ళు ఫాదర్లు కాబోయే కుర్రవాళ్ళకు తత్వశాస్త్రం చెప్పారట. ఈ చర్చి తెరిచాక ఆయన ముసలి ఫాదర్లుండే ఇంటికి వెళ్ళిపోవాలని పైనుంచి, అంటే బిషప్ ఆఫీసు నుంచి, ఆదేశం వచ్చింది. అందుకని జీవితంలో ఒక్కటంటే ఒక్క కట్టడం తన మనసుకు నచ్చినట్టు కట్టించుకోవాలని ఆయన కోరిక. పైవాళ్ళు కాదనలేదు, అయితే అందరిలాగే గోడలు లేపి రేకులు వేస్తే పోయేదానికి ఈ ఇటుక కమానులెందుకని మొదటినుంచీ వాళ్ళకు అనుమానం. ఏ కొంచెం తేడా వచ్చినా కమానులు దించేసి రేకులు వేయాలన్నది వాళ్ళ షరతు. అది వాళ్ళ తప్పని నేననను. కప్పు కింద కూర్చునేది పిల్లాపాపలతో వచ్చే మనుషులు.

సాయంత్రం పని ఆగాక ఫాదర్ సిమెంటు సంచి కాగితం చింపి, బొగ్గుముక్కతో బొమ్మలు గీసేవారు. గుండ్రటి కమాను బరువును ఎక్కువగా పక్కలకు తోస్తుంది. మొన తేలిన కమాను దాన్ని ఎక్కువగా కిందికి దింపుతుంది, అయినా పక్కలకు కొంత తోపు మిగులుతుంది. ఆ తోపుకు గోడ బయటినుంచి ఏటవాలుగా ఊతగోడ కట్టి ఎదురు నిలబెడితే, ఇక గోడకు మోసే పని తగ్గుతుంది. గోడ పలచనవుతుంది. పలచని గోడలో పెద్ద కిటికీలు పెట్టుకోవచ్చు, కిటికీల్లోంచి వెలుగు వస్తుంది. పాతకాలంలో యూరప్‌లో ఇలాంటి చర్చిలు కట్టినవాళ్ళు వెలుగు దేవుడి రూపమని నమ్మిన మనుషులు గనుక, వాళ్ళ లెక్కంతా చివరికి ఆ వెలుగు కోసమేనని ఆయన చెప్పేవారు. మొదట వెలుగు, దానికి కిటికీ, దానికి పలచని గోడ, దానికి ఊత, ఇలా వెనక్కి వెనక్కి లెక్క వేసుకుంటూ రావడం అన్నీ వరసలో ఉండాలనుకునే నాలాంటివాడికి ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

అంతకన్నా నన్ను పట్టేసింది ఆ కాలపు తత్వవేత్తలు పుస్తకం రాసే తీరు. తత్వమంటే పొగమంచని నా అభిప్రాయం. కాదట. వాళ్ళు ఒక ప్రశ్న వేసుకుంటారు. దాని కింద తమ మాటకు ఎదురు నిలిచే వాదాలన్నీ వరసగా, ఒకటి, రెండు, మూడు అని, ఎదుటివాడు కూడా అంత బాగా చెప్పలేనంత బాగా రాస్తారు. ఆ తర్వాత తమ సమాధానం. ఆపైన మళ్ళీ మొదటి వాదానికి మొదటి జవాబు, రెండోదానికి రెండోది. మన శాస్త్రాల్లో పూర్వపక్షం చెప్పాకే సిద్ధాంతం చెప్పినట్టేనని ఫాదర్ మురిసిపోయేవారు. ఎదురు వాదాన్ని చెరిపేయరు, పుస్తకంలోనే ఉంచుతారు. దానికి ఎదురుగా జవాబు నిలబెడతారు. ఆ చర్చిల్లో కూడా తోపును దాచరు, ఊతను దాచరు. ఏది దేన్ని మోస్తోందో దారిన పోయేవాడికి కూడా కనిపిస్తుంది. ఆ పుస్తకాలు చదివిన వాళ్ళూ ఆ గోడలు కట్టిన వాళ్ళూ ఒకే ఊళ్ళలో, ఒకే గాలి పీల్చుతూ పెరిగారు గనుక రెంటికీ ఒకే అలవాటు వచ్చిందని కొందరి ఊహ అనీ, దానికి రుజువు లేదనీ, తనకు మాత్రం ఇష్టమనీ ఆయనే ఒప్పుకునేవారు.

చాచా ఇదంతా బీడీ కాలుస్తూ వినేవాడు.

"ఇటుక పెట్టేటోనికి కితాబెందుకు ఫాదర్ సాబ్? నువ్వు గీసిన కమాను మా మసీదుల ఉన్నదే గదా. నేను చూసి కట్టిన, చదివి కట్టలే."

ఫాదర్‌కు కోపం రాలేదు సరికదా సంబరపడ్డారు. మొన తేలిన కమాను యూరప్ వాళ్ళకు అరబ్బుల వైపు నుంచే వెళ్ళి ఉంటుందని చాలామంది అంటారనీ, కమానే కాదు, వాళ్ళు చదువుకున్న గ్రీకు పుస్తకాలు కూడా ఎన్నో అరబ్బు పండితుల చేతుల మీదుగా అందినవేననీ చెప్పారు. చాచా బీడీ నలిపేసి, అయితే కిరాయి మా వాళ్ళకు రావాల్సి ఉందన్నాడు. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు.

కమానులు లేచాయి. ప్రతి కమానుకూ రెండు పక్కలా, గోడకు బయట ఊతగోడలు లేచాయి. మొదటి కమాను కింద సెంట్రింగు, అంటే ఇటుకలు గట్టిపడేదాకా కింద నిలబెట్టే వెదురు చట్రం, విప్పేశాం. అది తన కాళ్ళ మీద తాను నిలిచింది. మిగతావాటి కింద సెంట్రింగు ఇంకా ఉంది. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అక్క తట్ట దించి, ఊతగోడల వైపు గడ్డంతో చూపిస్తూ ఫాదర్‌ను అడిగింది.

"ఫాదర్, కొత్తిల్లుకు ఊతలేంది?"

ఫాదర్ చాలా ఇష్టంగా, చాలాసేపు చెప్పారు. తోపు గురించి, కిటికీల గురించి, వెలుగు గురించి. ఆమె అవ్ అవ్ అంటూ విని, ఆయన ముఖంలోకి జాలిగా చూసి, తట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ జాలి ఎందుకో మాలో ఎవరికీ తట్టలేదు.

ఆ వారం చివర చాచా, నేను ఖమ్మం వెళ్ళాం. ఆదివారం ఫాదర్ కూడా వేరే ఊళ్ళో ప్రార్థనకు వెళ్ళారు. గురువారం నాడు పైనుంచి పెద్దలు పని చూడడానికి వస్తున్నారన్న కబురు అప్పటికే పల్లెలో కూడా తెలుసు.

సోమవారం పొద్దున మేం ఆటో దిగేసరికి రోడ్డు వైపు గోడ నున్నగా, అందంగా ఉంది. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఎంత బాగుందోననిపించింది. ఆ తర్వాత అర్థమైంది, రోడ్డు వైపు ఊతగోడలు లేవు. ఒక్కటీ లేదు. ఇటుకలన్నీ పగలకుండా విప్పి, మాలు గోకి, వేపచెట్టు కింద వరసగా పేర్చారు. ఊతలు తగిలి ఉన్న చోట మచ్చ కనబడకుండా ఎర్రమట్టితో అలికారు. అలుకు మీద వేళ్ళ గీతలు ఇంకా తడిగా ఉన్నాయి.

లోపలికి పరిగెత్తాను. సెంట్రింగు ఉన్న కమానులకు ఏమీ కాలేదు. మొదటి కమాను మాత్రం మొన దగ్గర అడుగున చీలింది. గోరు దూరేంత పగులు. దాన్ని మోసే గోడ బయటికి ఒక వెంట్రుక వాసి ఒరిగిందని నిలువు చూసే గుండు దారం చెప్పింది. అది పడితే పైవాళ్ళ షరతు ఉండనే ఉంది. ఫాదర్ చర్చి రేకుల షెడ్డవుతుంది, ఆయన దాన్ని చూసి మరీ వెళ్ళాల్సి వస్తుంది.

అప్పుడే అక్క, తన వెంట ఆడవాళ్ళు, తలలు దువ్వుకుని, పండగకు వచ్చినట్టు వచ్చారు. ఫాదర్ ముఖం చూడాలని వచ్చారు.

"ఎవడు కూలగొట్టిండు బే?" అని చాచా అరిచాడు.

"ఎవడు గాదు, నేనే," అంది అక్క. "కూలగొట్టలే, తీసినం. ఏంది నీ లొల్లి?"

"తీసినవా? అరె, గోడ పోతది! పైసలు తీసుకున్నరు, పని పాడు జేసిన్రు!"

"పైసలిచ్చింది ఫాదర్, నువ్వు గాదు. తుర్రుమని ఖమ్మం పోయినోనివి, నువ్వు మాట్లాడకు." ఆమె ఆడవాళ్ళ వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అంది. అందరూ వెనక్కి తిరిగారు. ఊతకు కావలసిన దుంగలు ఉన్నది వాళ్ళ పల్లెలో, మోసే మనుషులు వాళ్ళు. వాళ్ళు వెళ్ళిపోతే ఆ గోడను ఆపడానికి మాకు దిక్కు లేదు.

ఫాదర్ సైకిల్ దిగింది ఆ సమయంలోనే. ఆయన గోడను చూశారు, పేర్చిన ఇటుకలు చూశారు, నా ముఖం చూశారు. నేను పగులు సంగతి చెప్పాను. ఆయన పెదవులు తెల్లబడ్డాయి. కానీ వెళ్ళి నిలబడింది గోడ దగ్గర కాదు, అక్క ముందు.

"ఎందుకు తీశావమ్మా? నాకు చెప్పు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవమానంతో. తమ పల్లెలో గోడ ఒరిగితే బయటినుంచి దుంగ ఊత పెడతారట. ఊత ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటికి ఎవరూ చుట్టంగా రారు, పిల్లనడగరు, ఇంటివాళ్ళు కూడా ఎవరినీ పిలవరు. గోడ సరిచేసి, ఊత తీసి, అలికిన తర్వాతే పిలుపు.

"నీ ఇంటికి గురువారం పెద్దోళ్ళొస్తున్రు. కొత్తిల్లుకు గన్ని ఊతలు జూస్తే నిన్నేమనుకుంటరు? ఈ పిల్లగాడు," అని నన్ను చూపించింది, "గోడ వంకర గట్టిండు. నువ్వు మంచోనివి, వెలుగనుకుంట, కిటికీలనుకుంట కప్పిపుచ్చినవ్. మాకు దెల్వదా?"

అంతటి గాభరాలో కూడా చాచా ఫక్కున నవ్వాడు. నాకు నవ్వు రాలేదు గాని, ఇప్పుడు వస్తోంది.

ఫాదర్ నవ్వలేదు. ఆమె చెప్పింది చివరిదాకా విన్నారు. ఆ తర్వాత చెప్పులు విప్పి, ఇసుకలో నిలబడి, చాచాను దగ్గరికి పిలిచారు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, చేతులు తల పైకెత్తి, అరచేతులకు అరచేతులు ఆనించారు. అడుగులు వెనక్కి వేస్తూ ఒకరి మీద ఒకరు ఒరిగారు. తెల్ల అంగీ ఒకటి, గళ్ళ లుంగీ ఒకటి, మధ్యలో మొన తేలిన కమాను. ఇసుకలో పాదాలు జారడం మొదలయ్యాయి.

"ఫాదర్ సాబ్, నా మోకాళ్ళు నీకన్న ముసలివి!"

"పడతరు, పడతరు!" అని అక్క పరిగెత్తుకొచ్చి, ఫాదర్ మడమ వెనక తన పాదం అడ్డం పెట్టింది. ఇంకొక ఆమె నవ్వుకుంటూ చాచా మడమ వెనక పెట్టింది. జారడం ఆగింది. ఇద్దరు ముసలివాళ్ళూ అలాగే నిలిచారు, రొప్పుతూ.

"ఇప్పుడు నీ కాలు తీసెయ్యమ్మా," అన్నారు ఫాదర్.

"తియ్య. తీస్తే పడతవు, తుంటి ఇరుగుతది."

"నేను సరిగ్గానే నిలబడ్డాను కదా. వంకర లేదు కదా."

ఆమె తన పాదం వైపు చూసుకుంది, తలెత్తి అలికిన గోడ వైపు చూసింది. ముఖంలో రంగు మారింది. వాళ్ళ భాషలో గట్టిగా ఒక కేక వేసింది, ఆడవాళ్ళు పల్లె వైపు పరిగెత్తారు. ఆమె మాత్రం కదల్లేదు. ఫాదర్ చేతులు దించి నిటారుగా నిలబడేదాకా ఆ కాలు అక్కడే ఉంచింది.

కాసేపటికి పల్లెంతా దుంగలతో దిగింది. ఒరిగిన ఇళ్ళను ఆపడం వాళ్ళకు అలవాటైన పని. దుంగ మొదలు ఆనే గుంటలో రాయి వేసి, పైన పలక పెట్టి, మేకు బిగించి ఎలా నిలపాలో చేతులకే తెలుసు. ఏ ఎత్తున ఆనాలో నేను గీత గీశాను, మేకులు చాచా కొట్టాడు. చివరి దుంగ బిగిశాక నేను పగులుకు అడ్డంగా ఒక సిమెంటు ముద్ద అద్దాను. పగులు ఇంకా కదులుతుంటే ఆ ముద్ద చీలుతుందని చెప్పాను. ఇక ఎవరూ భోజనానికి పోలేదు. అంతమందీ నేల మీద కూర్చుని తలలెత్తి ఆ ముద్ద వైపే చూశారు. ఫాదర్ అందరి మధ్యలో కూర్చున్నారు. ఆయన ప్రార్థిస్తున్నారో లేదో నాకు తెలియదు. ఒళ్ళో ఒక చంటిపిల్ల నిద్రపోతోంది.

మర్నాడు పొద్దున ముద్ద చీలలేదు. ఊతగోడలు మళ్ళీ మొదలుపెట్టాం, అవే ఇటుకలతో. గురువారానికి అవి సగమే లేచాయి. మిగతా సగం బరువు దుంగల మీదే ఉంది. పైనుంచి వచ్చిన పెద్దలు కారు దిగి ఆ దుంగలను చూసి, ఇదేమిటని మొహం చిట్లించారు. ఫాదర్ నోరు తెరిచేలోపే అక్క ముందుకు వచ్చింది.

"మేం పట్టుకున్నం సార్. పడది."

వాళ్ళలో కాస్త ఇంజనీరింగు తెలిసిన పెద్దాయన లోపలికి వెళ్ళి, ముద్ద చూసి, నా లెక్కలు చూసి, ఊతలు పూర్తయ్యాక ఇంకో వానాకాలం చూద్దామన్నారు. రేకుల మాట ఎత్తలేదు. వానాకాలం గడిచింది. కిటికీలకు ఫాదర్ కోరుకున్న రంగు అద్దాలు రాలేదు, మామూలు అద్దాలే పెట్టాం; అయినా చర్చి తెరిచిన రోజు పొద్దున ఆ పలచని గోడల్లోంచి వచ్చిన ఎండలో అందరి ముఖాలూ కొత్తగా కనిపించాయి. అక్కా, ఆమె వెంట పల్లెవాళ్ళూ చుట్టాలుగా వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. ఊతగోడలకు వాళ్ళే ఎర్రమట్టి అలికి, తెల్లసున్నంతో గీతలు దించారు.

వెళ్ళిపోయే ముందు ఫాదర్ నాతో చెప్పిన మాట ఒకటుంది. ఏళ్ళ తరబడి కుర్రాళ్ళకు ఎదురు వాదాన్ని ముందు రాయమని చెప్పినవాడినే, ఆమె కొత్తిల్లుకు ఊతలేందని అడిగినప్పుడు ఎందుకు అడుగుతోందో అడగకుండా జవాబు చెప్పేశాను బాబూ అన్నారు. ఆయన పోయారని కొన్నేళ్ళకు చాచా ద్వారా తెలిసింది. చాచా కూడా ఇప్పుడు లేడు.

మొన్న ఆ దారిన వెళ్ళినప్పుడు చర్చి దగ్గర ఆగాను. కమానులు బాగున్నాయి. అక్కకు కళ్ళు సరిగ్గా కనబడడం లేదు, గొంతు పట్టి నన్ను గుర్తుపట్టి, గోడ వంకర పిల్లగాడా అని పిలిచింది. పల్లెలో ఇప్పుడు అందరివీ స్లాబు ఇళ్ళే. గోడ ఒరగదు, ఊత అక్కర్లేదు, మంచిదే. కాకపోతే ఏది దేన్ని మోస్తోందో బయటికి కనబడదు. స్లాబులోని ఇనుము లోపలే ఉండి తన పని తాను చేసుకుపోతుంది. నేను వేసే డ్రాయింగులూ అలాంటివే, కంప్యూటర్ లెక్క వేస్తుంది, నేను సంతకం పెడతాను, తట్ట దించి అడిగేవాళ్ళు ఉండరు.

చర్చికి కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్ చాలా మర్యాదస్తుడు. ఊతగోడల మీద ఏటేటా అలికిన ఎర్రమట్టి పొరలు పొరలుగా దళసరి అయి, ఇటుకల అంచులు గుండ్రబడిపోయాయి; వాటిని గోకేసి పైన టైల్స్ అంటిద్దామని, ఎంతవుతుందో చెప్పమని అడిగారు. అలికేవాళ్ళను అడిగారా అన్నాను. అడగలేదన్నారు, కొంచెం సిగ్గుపడుతూ. అడిగితే వాళ్ళు టైల్సే మేలంటారేమో, వాళ్ళ ఇళ్ళకూ ఇప్పుడు టైల్సే. అయినా పర్వాలేదు, అడిగి వచ్చాక లెక్క చెబుతానని చెప్పి, ఆయన చెప్పులేసుకుని పల్లె దారి పట్టేదాకా వేపచెట్టు కింద నిలబడ్డాను.